‘ఇంగ్లీషు వస్తే అన్నీ వస్తాయి’ అన్న బడి: టెక్సస్‌లో ఒక తెలుగు బాబు కేస్ స్టడీ

నేను డల్లాస్ చుట్టుపక్కల పనిచేసే స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్ట్‌ని, అంటే మాటలో, భాషలో ఇబ్బందులు చూసే నిపుణురాలిని. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో తెలుగు ఇళ్ళ పిల్లలు చాలామంది. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లాడు బడిలో మాట్లాడకపోతే, ఇంగ్లీషు రాకపోవడమే కారణమని బడివాళ్ళూ అనుకుంటారు, తల్లిదండ్రులూ అనుకుంటారు. అది నిజమో కాదో తేల్చే సాక్ష్యం ఇంట్లో వాడు మాట్లాడే తెలుగులోనే ఉంటుంది. దాన్ని బడి ముందు పెట్టే హక్కు చట్టం తల్లిదండ్రులకు ఇచ్చింది. ఆ హక్కు వాడుకోవడం ఎంత కష్టమో, వాడుకుంటే ఏమవుతుందో ఈ ఒక్క కేసులో నాకు స్పష్టంగా కనిపించింది, అందుకే రాస్తున్నాను. తల్లిదండ్రులు చదివి ఒప్పుకున్నారు. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. బాబుని చిన్నా అంటాను.

నేపథ్యం

చిన్నా కోస్తా ఆంధ్రలో ఒక చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ముందే టెక్సస్ వచ్చేశాడు. తల్లీకొడుకులు అమ్మమ్మగారింట్లో ఉండి, వాడికి అయిదున్నరేళ్ళు వచ్చాక కుటుంబసభ్యులకిచ్చే హెచ్4 వీసా మీద వచ్చారు. రాగానే కిండర్‌గార్టెన్‌లో చేరాడు. ఇక్కడికి వచ్చాక చెల్లెలు పుట్టింది. తల్లి బీఎస్సీ చదివింది. ఇంగ్లీషు చదివితే బాగానే అర్థమవుతుంది కానీ నలుగురిలో మాట్లాడాలంటే మొహమాటం. తండ్రికి ఆఫీసు ఇంగ్లీషు ధారాళంగా వచ్చు, కాబట్టి బడితో వ్యవహారమంతా ఆయనదే.

బడిలో చేర్చేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒక కాగితం ఇస్తారు. ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు, పిల్లాడు ఏ భాష మాట్లాడతాడు అని అడుగుతారు. ఈఎస్ఎల్‌లో (ఇంటి భాష వేరైన పిల్లలకి ఇంగ్లీషు నేర్పే తరగతి) వేస్తే పిల్లాడు వెనకబడతాడని ఎవరో ఒకరు చెబుతారు, మనవాళ్ళు చాలామంది అక్కడ ‘ఇంగ్లీషు’ అని రాసేస్తారు. దయచేసి అలా రాయకండి. అలా రాస్తే మీ పిల్లాడు పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషే విన్నాడని బడి నమ్ముతుంది, అన్ని పరీక్షలూ ఆ కొలతతోనే పెడుతుంది. వీళ్ళు తెలుగు అని నిజం రాశారు. చిన్నాకి ఈఎస్ఎల్ వచ్చింది, అలాంటి పిల్లల ఇంగ్లీషుని టెక్సస్‌లో ఏటా కొలిచే టెల్‌పాస్ పరీక్ష రేటింగులు వచ్చాయి. ఆ రికార్డు తర్వాత చాలా పనికొచ్చింది.

సమస్య

నా దగ్గరికి వచ్చేసరికి చిన్నా రెండో తరగతి. పొద్దున్నే కడుపునొప్పి అని ఏడుస్తాడు, శనాదివారాల్లో ఏ నొప్పీ ఉండదు. క్లాసులో టీచర్ రెండు పనులు కలిపి చెబితే రెండోది చేస్తాడు, మొదటిది మర్చిపోతాడు. చదివిన కథ మళ్ళీ చెప్పమంటే తల దించుకుంటాడు. లెక్కల్లో కూడికలు బాగానే చేస్తాడు, అదే లెక్క మాటల్లో ఇస్తే ఆగిపోతాడు. వాడితోపాటు కిండర్‌లో చేరిన, ఇంట్లో వేరే భాషలు మాట్లాడే మిగతా పిల్లలు టెల్‌పాస్‌లో పై మెట్లకి వెళ్ళిపోయారు. చిన్నా వినడంలో, మాట్లాడటంలో రెండేళ్ళూ అన్నిటికన్నా కింది మెట్టు ‘బిగినింగ్’ దగ్గరే ఉన్నాడు.

తల్లిదండ్రులు ఊరుకోలేదు. పేరెంట్ టీచర్ కాన్ఫరెన్స్‌కి వెళ్ళిన ప్రతిసారీ అడిగారు. ‘ఇంగ్లీషు వస్తే అన్నీ వస్తాయి, ఇంకొంచెం టైమ్ ఇవ్వండి’ అనే జవాబే వచ్చింది. వాణ్ని చిన్న గ్రూపులో కూర్చోబెట్టి చదివించారు. ‘ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి’ అని ఎవరో చెబితే తల్లి తెలుగు మానేసింది. దాంతో ఇంట్లో మాటలే తగ్గిపోయాయి. తనకు సరిగా రాని భాషలో తల్లి ఎంతని మాట్లాడుతుంది? ‘ఈట్, కమ్, షూస్’ దగ్గర ఆగిపోయింది. అమ్మమ్మ వీడియో కాల్ చేస్తే చిన్నా పక్కగదిలోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు.

మొదటిసారి వచ్చినప్పుడు తండ్రి నన్ను అడిగింది ఇది: ‘మేడమ్, మీరే ప్రైవేటుగా స్పీచ్ థెరపీ ఇవ్వండి. స్కూల్‌కి మాత్రం తెలియకూడదు.’

థెరపీకి ముందు తేల్చాల్సింది

నేను వెంటనే థెరపీ మొదలుపెట్టలేదు. వీడికి కావలసింది ఇంగ్లీషు మాత్రమేనా, లేక భాష నేర్చుకునే శక్తిలోనే ఇబ్బంది ఉందా అన్నది ముందు తెలియాలి. మొదటిదైతే థెరపీ అనవసరం, మంచి ఈఎస్ఎల్ చాలు. రెండోదైతే వారానికి ఒక గంట నా గదిలో చేసేది చాలదు, రోజంతా గడిపే బడిలోనే సాయం అందాలి.

ముందుగా వినికిడి పరీక్షకి పంపాను. అది బాగానే ఉంది. తర్వాత తెలుగులో భాషా నమూనా తీసుకున్నాను. అమెరికాలో తెలుగు పిల్లల కోసం ప్రమాణీకరించిన పరీక్షలు లేవు, ఇంగ్లీషు పరీక్షని తెలుగులోకి మార్చి మార్కులు వేయడం తప్పు. అందుకని దాహమేసిన కాకి కథ బొమ్మలు నాలుగు ముందుపెట్టి కథ చెప్పమన్నాను. అమ్మమ్మ దగ్గర వాడు ఎన్నోసార్లు విన్న కథ అది.

‘కాకి... నీళ్ళు... రాయి వేసాడు. అది... కాకి తాగా. అయిపోయింది.’

తర్వాత ఆడుకుంటూ మాట్లాడించాను. ‘అమ్మ వచ్చాడు’ అన్నాడు. ‘నేను పడిపోయింది’ అన్నాడు. ‘అమ్మకి చెప్పా’ అనాల్సిన చోట ‘అమ్మ చెప్పా’, ‘కత్తితో కోసింది’ అనాల్సిన చోట ‘కత్తి కోసింది’. తెలుగు ఇంట్లో పెరిగే పిల్లలు బడి వయసుకి ముందే వచ్చాను, వచ్చాడు, వచ్చింది అనే తేడా పట్టేస్తారు. కి, ని, తో, లో అతికించడం వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. చిన్నా ఏడేళ్ళు దాటినా అక్కడే తడబడుతున్నాడు.

వాడి ఇంగ్లీషులో కూడా తప్పులున్నాయి, వాటిని వేరుచేసి చూడాలి. ‘ద’, ‘అ’ లాంటి చిన్న మాటలు వదిలేయడం, హల్లుతో ఆగే ఇంగ్లీషు మాట చివర అచ్చు చేర్చడం, ‘వ’నీ ‘డబ్ల్యూ’నీ ఒకేలా పలకడం, ఇవన్నీ తెలుగు నుంచి వచ్చినవి. లోపాలు కావు, వాటికి థెరపీ అక్కర్లేదు. కానీ కథలో ఎవరు ఎవరికి ఏం చేశారో చెప్పలేకపోవడం, కొత్త మాట ఎన్నిసార్లు విన్నా నిలబడకపోవడం రెండు భాషల్లోనూ ఉంది. కొత్త వస్తువుల పేర్లు తెలుగులోనే నేర్పి, కాసేపాగి అడిగి చూశాను. ఆ వయసు పిల్లలు సులువుగా గుర్తుపెట్టుకునేవి వాడికి మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక పెద్ద సందేహం మిగిలింది. రెండేళ్ళుగా ఇక్కడున్నాడు, పైగా ఇంట్లో తెలుగు ఆపేశారు. వాడుక లేక తెలుగు అరిగిపోయి ఉండొచ్చు కదా? బడివాళ్ళు అడగబోయే మొదటి ప్రశ్న ఇదేనని నాకు తెలుసు. జవాబు అమ్మమ్మ దగ్గర దొరికింది. వీడియో కాల్‌లో ఆవిడ చెప్పింది: ‘వాడికి మాటలు ఆలస్యమేనమ్మా. మూడేళ్ళు వచ్చినా రెండు మాటలు కలిపి అనేవాడు కాదు. మా మరిది కూడా అంతే, అయిదేళ్ళకి మాట్లాడాడు, వీడికీ అదే పోలికనుకున్నాం.’

అప్పుడు తల్లి తన ఫోన్‌లోంచి పాత వాట్సాప్ వీడియోలు తీసింది. విమానం ఎక్కకముందు, అమ్మమ్మగారి వరండాలో తీసినవి, తేదీలతో సహా ఉన్నాయి. ఒకదాంట్లో చిన్నా, వాడికన్నా ఏడాది చిన్నదైన మేనమామ కూతురు పక్కపక్కన కూర్చున్నారు. ఆ పిల్ల గుడిలో ప్రసాదం ఎలా పెట్టారో గుక్కతిప్పుకోకుండా చెబుతోంది. చిన్నా ‘ఇంక... ఇంక... పులిహోర’ అని చేత్తో చూపిస్తున్నాడు. అప్పటికి వాడి బతుకులో ఇంగ్లీషు ఊసే లేదు. ఆ వీడియో చూశాక నాకు అనుమానం తీరిపోయింది. తెలుగు అరిగిపోవడం కాదు, మొదటి నుంచీ ఉన్న ఇబ్బంది.

దీన్ని డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అంటాం. సుమారు 7 శాతం పిల్లల్లో ఉంటుంది. రెండు భాషలు వినడం వల్ల రాదు, ఒక భాష మానేస్తే పోదు. అందుకని తల్లికి మొట్టమొదట చెప్పింది ఇంట్లో తెలుగు మళ్ళీ మొదలుపెట్టమని. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

స్కూల్‌కి ఎందుకు తెలియకూడదు

తండ్రి భయం మూడు ముక్కల్లో ఉంది. గ్రీన్‌కార్డ్ దరఖాస్తుకి దెబ్బ తగులుతుందేమో. వేరే గదిలో, వేరే పిల్లలతో వేసేస్తారేమో. రేపు పెద్దయ్యాక రికార్డులో మచ్చ ఉండిపోతుందేమో. ఇవేవీ తీసిపారేసే భయాలు కావు. వీసా మీద బతికే ఇంట్లో ప్రతి సంతకానికీ ముందు ఈ టెన్షన్ ఉంటుంది.

ఇమిగ్రేషన్ సంగతి నేను తేల్చకూడదు, వాళ్ళ లాయర్‌నే అడగమన్నాను. బడి సంగతి మాత్రం నేను చెప్పగలను. 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు, కాగితాలు లేని పిల్లలకి కూడా పబ్లిక్ స్కూల్ తలుపు మూయకూడదని తీర్పిచ్చింది. ఆ కేసు ఈ టెక్సస్‌లోనే, టైలర్ అనే ఊళ్ళో పుట్టింది. వైకల్యం ఉన్న పిల్లలకి బడి ఇచ్చే ప్రత్యేక సాయాన్ని స్పెషల్ ఎడ్యుకేషన్ అంటారు; దాని చట్టమైన ‘ఐడియా’ కూడా పిల్లాడి పౌరసత్వం అడగదు, వాడి అవసరం అడుగుతుంది. 1975లో వచ్చిన మొదటి చట్టం నుంచీ అంతే. చదువు రికార్డుల గోప్యతకి ఫెర్పా అనే వేరే చట్టం ఉంది. లాయర్ కూడా బడిలో ఇచ్చే స్పెషల్ ఎడ్యుకేషన్ వల్ల వాళ్ళ దరఖాస్తుకి అడ్డమేమీ లేదని చెప్పాక ఆయన కొంచెం తేరుకున్నాడు.

వేరే గది భయానికి జవాబు చట్టంలోనే ఉంది. సాయం ఇచ్చి మామూలు క్లాసులో ఉంచగలిగినంత వరకు అక్కడే ఉంచాలి. అక్కడ సాయంతో కూడా కుదరదని తేలితేనే బయటికి తీయాలి.

ఇంకో విషయం తాతగారి నుంచి వచ్చింది. ‘ఎంత పర్సెంట్ వేశారు?’ అని అడిగారట. మన దగ్గర సదరం క్యాంపుకి వెళ్ళి, డాక్టర్ వేసిన శాతం 40 దాటితే సర్టిఫికెట్, దాంతో పింఛను. ఆయనకి తెలిసిన పద్ధతి అది. ఇక్కడ బడిలో శాతం ఉండదు. చట్టం చెప్పిన 13 రకాల్లో ఒకదాని కిందికి వస్తాడా, దానివల్ల చదువులో ప్రత్యేక సాయం అవసరమా అన్నవే రెండు ప్రశ్నలు. ఈ తేడా ఇంటిల్లిపాదికీ అర్థమయ్యాక ‘మచ్చ’ అనే మాట తగ్గింది.

ఉత్తరం

నోటితో అడిగితే బడిలో గడియారం తిరగదు. టెక్సస్‌లో పాఠశాల డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కో, డిస్ట్రిక్ట్ పరిపాలనా ఉద్యోగికో రాతపూర్వకంగా అడిగితే 15 బడిదినాల్లో జవాబు ఇచ్చి తీరాలి. ఒప్పుకుంటే సమ్మతి పత్రం ఇవ్వాలి, కాదంటే ఎందుకు కాదో నోటీస్ ఇవ్వాలి. సమ్మతి సంతకం పెట్టాక 45 బడిదినాల్లో పరీక్షల నివేదిక, ఆ తర్వాత 30 రోజుల్లో ఆర్డ్ మీటింగ్. పిల్లాడు అర్హుడా, ఏ సాయం ఇవ్వాలి అని బడివాళ్ళూ తల్లిదండ్రులూ కూర్చుని తేల్చి, వాడి కోసం ఐఈపీ అనే చదువు ప్రణాళిక రాసే మీటింగ్ ఇది. మిగతా రాష్ట్రాల్లో ఐఈపీ మీటింగ్ అనేదాన్నే ఇక్కడ ఆర్డ్ అంటారు.

ఉత్తరం తల్లి చేతే రాయించాను. లాయర్ భాష వద్దు, మామూలు ఇంగ్లీషు చాలు. మా అబ్బాయికి వైకల్యం ఉందని అనుమానిస్తున్నాం, స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం పూర్తి మూల్యాంకనం కోరుతున్నాం, వాడి ఇంటి భాష తెలుగు. తేదీ, సంతకం. నా భాషా నమూనా నివేదిక జతచేశాం.

జవాబు ఈమెయిల్‌లో వచ్చింది. ముందు రీడింగ్ ఇంటర్వెన్షన్ (చిన్న గ్రూపుల్లో అదనంగా చదివించడం) మెట్లన్నీ పూర్తికావాలి, తర్వాత చూద్దాం అని. ఇది చాలామందిని ఆపేసే మాట, వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఇంటర్వెన్షన్ పేరు చెప్పి మూల్యాంకనాన్ని ఆపడం, ఆలస్యం చేయడం కుదరదని ఫెడరల్ విద్యాశాఖ 2011 జనవరిలోనే రాష్ట్రాలకి స్పష్టంగా రాసింది. రెండూ పక్కపక్కన నడవొచ్చు.

ఇప్పుడేం చేయాలి? ఫిర్యాదు పెట్టే దారి ఉంది. నేను వద్దన్నాను. ఆ బడితో వాళ్ళు ఇంకా ఏళ్ళ తరబడి నడవాలి, టీచర్ మంచి మనిషి, పిల్లాడిని ప్రేమగా చూస్తుంది. బదులుగా ఒకే ఒక వాక్యం రాయించాను: మీరు నిరాకరిస్తున్నట్టయితే, కారణాలతో, ఏ ఆధారాలు చూశారో చెబుతూ ప్రయర్ రిటన్ నోటీస్ (బడి తన నిర్ణయాన్ని రాతలో తెలిపే నోటీస్) ఇవ్వండి. నోటితో ‘ఆగండి’ అనడం తేలిక. అదే మాట కారణాలు చూపించి, కాగితం మీద సంతకం పెట్టి చెప్పాలంటే ఎవరైనా ఒకసారి ఫైలు తెరిచి చూస్తారు. ఇక్కడా చూశారు. రెండేళ్ళ టెల్‌పాస్ రేటింగులు, నా నివేదిక పక్కపక్కన పెట్టుకున్నట్టున్నారు. సమ్మతి పత్రం వచ్చింది.

ఈ ‘ఆగండి’ వెనక రాష్ట్రానికి ఒక చరిత్ర ఉంది. 2004 నుంచి టెక్సస్ విద్యాశాఖ, స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు 8.5 శాతం దాటకుండా ఉండటాన్ని ఒక సూచికగా పెట్టి డిస్ట్రిక్టులని కొలిచింది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దాన్ని బయటపెట్టింది, 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ అది చట్టవిరుద్ధమని తేల్చింది. సూచిక పోయింది కానీ ‘ముందు ఆగి చూద్దాం’ అనే అలవాటు అంత త్వరగా పోదు.

విఫలమైన మూల్యాంకనం

పరీక్షల రోజు డిస్ట్రిక్ట్ ఒక ఇంటర్‌ప్రెటర్‌ని తెచ్చింది. ఆవిడ హిందీ మాట్లాడుతుంది. ఇండియా అంటే హిందీ అనుకున్నారు. చిన్నాకి హిందీ ఒక్క ముక్క రాదు. వాడు నోరు విప్పలేదు. చివరికి పరీక్షలన్నీ ఇంగ్లీషులోనే పెట్టారు. మాటలతో పనిలేని తెలివితేటల పరీక్షలో వయసుకి తగ్గట్టు వచ్చింది, భాషా పరీక్షలో బాగా తక్కువ వచ్చింది. భాషా లోపం కనపడుతున్నా, అది రెండో భాష నేర్చుకోవడం వల్లేనని, వైకల్యం లేదని నివేదిక ముగించింది.

ఆ ముగింపు రాసినామె మనసులో ఏముందో నాకు అర్థమైంది. ఇంగ్లీషు రాకపోవడమే ప్రధాన కారణమైతే పిల్లాడికి వైకల్యం ఉందని తేల్చకూడదని చట్టమే చెబుతుంది. అది పిల్లల్ని కాపాడటానికి వచ్చిన నియమం. 1970లో కాలిఫోర్నియాలో డయానా కేసు నడిచింది అందుకే. స్పానిష్ మాట్లాడే పిల్లలకి ఇంగ్లీషులో పరీక్ష పెట్టి బుద్ధిమాంద్యం క్లాసుల్లో వేశారు, స్పానిష్‌లో మళ్ళీ పరీక్షిస్తే చాలామందికి అలాంటిదేమీ లేదని తేలింది. ఆ జాగ్రత్త అవసరమే. కానీ ఇంగ్లీషు రాని పిల్లాడికి వైకల్యం ఉండే అవకాశమే లేదని ఆ నియమం చెప్పదు. ఏది ఏదో తేల్చాలంటే పిల్లాడి సొంత భాషలో చూడాలి. ఏమాత్రం సాధ్యపడినా మాతృభాషలో మూల్యాంకనం చేయాలని అదే చట్టం అంటుంది. ఇక్కడ ఆ సగం జరగలేదు. నా నివేదికనీ, అమ్మమ్మ చెప్పినదాన్నీ ఎక్కడా ప్రస్తావించలేదు.

ఆర్డ్ మీటింగ్‌లో బల్ల చుట్టూ బడి తరఫున చాలామంది ఉన్నారు. తండ్రికి ఇంగ్లీషు వచ్చుగా అని ఇంటర్‌ప్రెటర్‌ని పిలవలేదు. తల్లి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది: ‘వీడు రాత్రి నిద్రలో లేచి రేపు స్కూల్ లేదు కదా అని అడుగుతాడు. చెల్లెలికి రెండేళ్ళు, అది కూడా వీడికన్నా బాగా చెబుతోంది. నాకు భయంగా ఉంది, వీడికేమైందో ఎవరూ చెప్పట్లేదు.’ భర్త అటు తిరిగి ఇంగ్లీషులో ఇంతే చెప్పాడు: ఆమె కాస్త కంగారు పడుతోంది.

ఆయన్ని తప్పుపట్టను. మర్యాదగా ఉండాలని, గొడవ పెట్టుకునేవాళ్ళలా కనిపించకూడదని చూశాడు. కానీ ఆ మీటింగ్‌లో పిల్లాడి గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి మాట అక్కడే ఆగిపోయింది. నేను మీటింగ్ ఆపమని అడగమన్నాను. ఒప్పుదల కుదరనప్పుడు టెక్సస్‌లో 10 బడిదినాల వరకు వాయిదా తీసుకోవచ్చు. సంతకం చేసే చోట ‘డిసగ్రీ’ అని టిక్ పెట్టడానికి తండ్రికి చేయి రాలేదు. ఒప్పుకోకపోవడం అమర్యాద కాదని, అది ఆ కాగితంలో వాళ్ళ కోసమే పెట్టిన గడి అని నచ్చజెప్పాల్సి వచ్చింది.

పనిచేసినవి

వాయిదా రోజుల్లో రెండు ఉత్తరాలు వెళ్ళాయి. ఒకటి, తల్లికి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని. మీటింగ్‌లో జరిగేది తల్లిదండ్రులకి అర్థమయ్యేలా చూడటం బడి బాధ్యత, అందులో ఇంటర్‌ప్రెటర్ ఏర్పాటు కూడా ఉంది. ఇద్దరిలో ఒకరికి ఇంగ్లీషు వచ్చినంత మాత్రాన రెండోవారి హక్కు పోదు. రెండోది, డిస్ట్రిక్ట్ మూల్యాంకనంతో విభేదిస్తున్నాం, డిస్ట్రిక్ట్ ఖర్చుతో ఇండిపెండెంట్ ఎవాల్యుయేషన్ (బయటి నిపుణులు చేసే మూల్యాంకనం) కావాలని. ఇలా అడిగితే డిస్ట్రిక్ట్‌కి రెండే దారులు: డబ్బు కట్టాలి, లేదా తన మూల్యాంకనం సరైనదేనని నిరూపించడానికి అనవసర ఆలస్యం లేకుండా తానే డ్యూ ప్రాసెస్ హియరింగ్ (ఇలాంటి వివాదాల మీద చట్టబద్ధంగా జరిగే విచారణ) పెట్టాలి. హిందీ ఇంటర్‌ప్రెటర్ సంగతి ఉత్తరంలో ఒక్క వాక్యంగా, కోపం లేకుండా రాయించాను. డిస్ట్రిక్ట్ డబ్బు కట్టడానికే ఒప్పుకుంది.

ఆ మూల్యాంకనం నేను చేయలేదు. నేను అప్పటికే కుటుంబం పక్కన నిలబడ్డాను, నా నివేదికని నేనే ధ్రువీకరిస్తే దానికి విలువుండదు. రెండు భాషల పిల్లలతో అనుభవమున్న వేరే పాథాలజిస్ట్ చేసింది. శిక్షణ ఉన్న తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పక్కన పెట్టుకుంది. ముందురోజే ఆమెతో కూర్చుని, పిల్లాడు అన్నది అన్నట్టే చెప్పాలి, సరిదిద్ది చెప్పకూడదు అని మాట్లాడుకుంది. ఇది చాలా ముఖ్యం. ‘అమ్మ వచ్చాడు’ అన్నదాన్ని ఇంటర్‌ప్రెటర్ మంచి మనసుతో ‘అమ్మ వచ్చింది’ అని మార్చి చెబితే అసలు సాక్ష్యమే మాయమవుతుంది. ప్రామాణిక స్కోర్లు రాయలేదు, ఎందుకు రాయలేదో రాసింది. వరండా వీడియో చూసింది, అమ్మమ్మతో మాట్లాడింది. నేను చూసినదే ఆమె కూడా చూసింది.

రెండో మీటింగ్‌లో తల్లి తెలుగులో మాట్లాడింది, ఇంటర్‌ప్రెటర్ మాట పొల్లుపోకుండా చెప్పింది. గదిలో వాతావరణం మారింది. ‘మాకు ఇవేవీ తెలియవు’ అంది టీచర్. ఆ 13 రకాల్లో ఒకటైన స్పీచ్ ఆర్ లాంగ్వేజ్ ఇంపెయిర్‌మెంట్ (మాట లేదా భాషా లోపం) కింద చిన్నా అర్హుడని తేల్చారు.

ఇంకా పని మిగిలే ఉంది. మొదట రాసుకొచ్చిన లక్ష్యాల్లో ఒకటి, ఏడాది చివరికి బొమ్మ చూసి ఒక వాక్యం చెప్పడం. తెలుగులో ఆ పని వాడు అప్పటికే చేస్తున్నాడు. 2017లో ఎండ్రూ ఎఫ్ కేసులో సుప్రీంకోర్టు, పిల్లాడి పరిస్థితులకు తగిన పురోగతి వచ్చేలా ఐఈపీ ఉండాలని, లక్ష్యాలు తగినంత ఎత్తులో ఉండాలని చెప్పింది. ఆ మాట మీద నిలబడి, మొదలు, మధ్య, ముగింపు ఉన్న కథ తిరిగి చెప్పడం, రెండు మెట్ల సూచనలు పాటించడం అనే లక్ష్యాలు పెట్టించాం. ఈఎస్ఎల్ ఆపి స్పీచ్ ఇద్దామని ఒకరు ప్రతిపాదించారు. అదీ కుదరదు. ఇంగ్లీషు నేర్పే సాయం, స్పెషల్ ఎడ్యుకేషన్ రెండూ వాడి హక్కులే, ఒకటి ఇచ్చి ఇంకొకటి తీసేయకూడదు. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల కమిటీ ప్రతినిధి ఆ బల్ల దగ్గరే ఉండటం వల్ల ఇది అక్కడికక్కడే తేలిపోయింది.

ఇంకో చిన్న నియమం ఈ ఇంటికి చాలా మేలు చేసింది. టెక్సస్‌లో తల్లిదండ్రులకి ఇంగ్లీషు రాకపోతే ఐఈపీని వాళ్ళ భాషలో రాసి గానీ, రికార్డు చేసి గానీ ఇవ్వడానికి డిస్ట్రిక్ట్ చిత్తశుద్ధితో ప్రయత్నించాలి. డిస్ట్రిక్ట్ తెలుగు ఆడియో ఇచ్చింది. తల్లి వంట చేస్తూ దాన్ని విన్నది, అమ్మమ్మకి పంపింది. వాడికి ఏం నేర్పుతున్నారో తెలిశాక అమ్మమ్మ రోజూ వీడియో కాల్‌లో ఒక కథ సగం చెప్పి, మిగతాది వాడితో చెప్పించడం మొదలుపెట్టింది. థెరపీలో నేను ఇచ్చే ఏ అభ్యాసమూ దీనికి సాటిరాదు.

ఏడాది తర్వాత

చిన్నా ఇప్పుడు క్లాసులోనే ఉంటాడు. స్పీచ్ కోసం మాత్రం బయటికి వెళ్ళి వస్తాడు, మిగతా సాయం క్లాసులోకే వస్తుంది. టీచర్ పాఠానికి ముందే కొత్త మాటలు బొమ్మలతో చూపిస్తుంది. తెలుగులో ‘వచ్చాను, వచ్చింది’ దాదాపు స్థిరపడ్డాయి, ‘తో’ ఇంకా అప్పుడప్పుడు జారిపోతుంది. టెల్‌పాస్‌లో వినడం, మాట్లాడటం ఒక మెట్టు పైకెక్కాయి. పొద్దుటి కడుపునొప్పి తగ్గింది. చదవడం మాత్రం తరగతి స్థాయికి చాలా కింద ఉంది. భాషా ఇబ్బంది ఉన్న పిల్లల్లో చదవడంలో ఇబ్బంది కూడా ఉండటం మామూలే కాబట్టి డిస్లెక్సియా (చదవడంలో ఉండే ప్రత్యేక ఇబ్బంది) కోసం కూడా చూడమని తల్లి ఉత్తరం రాసింది. ఈసారి నన్ను అడగలేదు, రాశాక కాపీ పంపింది.

ఇలాంటి కేసు చేతికొచ్చే తోటి పాథాలజిస్టులకి, తల్లిదండ్రులకి నేను గట్టిగా చెప్పేవి కొన్నే. వలస రాకముందు పిల్లాడు ఎలా మాట్లాడాడో తెలిపే ఆధారం ముందు వెతకండి. ఫోన్‌లోని వీడియోలు, పెంచిన అమ్మమ్మో నానమ్మో చెప్పే మాట, ఊళ్ళో బాలవాడీ టీచర్ జ్ఞాపకం, ఏదైనా సరే. తెలుగు అరిగిపోయిందా, మొదటి నుంచీ ఇంతేనా అన్నది అక్కడ తప్ప ఇంకెక్కడా తేలదు. ఏ భాష ఇంటర్‌ప్రెటర్ వస్తున్నారో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. ప్రతి కోరికా తేదీతో కాగితం మీద ఉండాలి, ప్రతి నిరాకరణా కాగితం మీద రావాలి. ఈ దారిలో సాయపడటానికి ప్రతి రాష్ట్రంలోనూ ఫెడరల్ డబ్బుతో నడిచే పేరెంట్ సెంటర్ ఉంటుంది, టెక్సస్‌లో అది పార్ట్‌నర్స్ రిసోర్స్ నెట్‌వర్క్. ఫీజు ఉండదు.

ఈ మధ్యే తండ్రికి ప్రాజెక్టు మారింది, కుటుంబం వేరే రాష్ట్రానికి వెళ్తోంది. హెచ్1బీ ఇళ్ళలో ఇది మామూలే, ఐఈపీ ఉన్న పిల్లలకి మాత్రం ఇదే గండం. కొత్త బడి సొంతంగా మూల్యాంకనం చేసుకుని కొత్త ఐఈపీ తయారుచేసేదాకా, ఇక్కడ అందుతున్న సేవలకి సమానమైనవి అక్కడ ఇచ్చి తీరాలి. పాత రికార్డులు బడి నుంచి బడికి వెళ్ళేసరికి ఆలస్యమవుతుంది కాబట్టి తల్లి ఒక ఫోల్డర్ తయారుచేసింది. అందులో ఐఈపీ, రెండు మూల్యాంకనాలు, టెల్‌పాస్ కాగితాలు, మొదటి ఉత్తరం కాపీ ఉన్నాయి. వీడియోలు పెన్‌డ్రైవ్‌లో వేసింది. అడ్మిషన్ ఫారంలో ఇంటి భాష దగ్గర తెలుగు అని రాయాలని, ఇంటర్‌ప్రెటర్ తెలుగువారే కావాలని మొదటి ఈమెయిల్‌లోనే చెప్పాలని ఫోల్డర్ అట్ట మీద రాసిపెట్టుకుంది.